మానవవాద సంఘం వార్షిక నివేదిక: ప్రదర్శనలు, పెళ్లిళ్లు, నేత్రదానం

సభ్యులకు నమస్కారం.

శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని పెంపొందించడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 51ఎ(హెచ్) అధికరణం చేరింది. దాన్ని సభల్లో చదివి చప్పట్లు కొట్టించడం తేలిక. అందుకే ఈ ఏడాది ఉపన్యాసాలు తగ్గించి, చేసి చూపే పనులకు, కాగితాల పనికి ఎక్కువ సమయం పెట్టాం.

మహిమల గుట్టు విప్పే ప్రదర్శనల్లో జనం ఎక్కువగా అడిగేది మంత్రంతో మంట. పొటాషియం పర్మాంగనేట్‌ని మెత్తగా పొడి చేసి, మట్టి మూకుట్లో అర చెంచా పోసి, మధ్యలో చిన్న గుంట చేసి నాలుగైదు చుక్కల గ్లిజరిన్ వేయాలి. పలుకులుగా వేసినా, గ్లిజరిన్‌లో నీళ్లు కలిసినా, చలిగా ఉన్నా మంట ఆలస్యమవుతుంది. ప్రమాదమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. అంటుకోలేదని వంగి చూసేవాళ్లు, ఇంకాస్త పోసేవాళ్లు ముఖం కాల్చుకుంటారు. పొడి చేసే రోలుకు చక్కెర, నూనె అంటి ఉండకూడదు. పక్కన బకెట్టు నీళ్లు తప్పనిసరి.

పిల్లల ముందు పసుపునీళ్లే మేలు. సున్నపు తేట పోస్తే ఎర్రబడతాయి, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతాయి. పారాణి కలిపినవాళ్లకు ఇది కొత్తేం కాదు. గాలి తగిలి పాతబడిన సున్నంతో మాత్రం రంగు సరిగా రాదు, అది కార్బనేటుగా మారిపోతుంది కాబట్టి. తేట కంట్లో పడకుండా పెద్దవాళ్లే పోయాలి.

గుట్టు ఆ వేదిక మీదే చెప్పాలి, ఊరి దేవుణ్ణి ఎగతాళి చేయకూడదు. బాణామతి అనుమానంతో ఒక మనిషిని ఊరు చుట్టుముట్టినప్పుడు ప్రదర్శన పెట్టడం తెలివితక్కువ పని. ముందు పోలీసులకు ఫోను, ఆ మనిషికి రక్షణ, ఇంట్లో జబ్బుపడ్డవాళ్లకు డాక్టరు. చర్చ తర్వాత.

కులాంతర, మతాంతర జంటలకు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద సాయం కొనసాగింది. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు ప్రకటించాక 30 రోజుల్లో అభ్యంతరాలు రావచ్చు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికే. సాక్షులు ముగ్గురు. నోటీసు బోర్డు మీద పేర్లు, చిరునామాలు చూసి బంధువులు ముందే వాలిపోవడం ఇందులో అసలు చిక్కు. మతం అడ్డురాని పెళ్లికి చట్టమే ఇంత బహిరంగ ప్రకటన కోరడం మా దృష్టిలో అన్యాయం. మార్చేదాకా, జంటకు ఇబ్బంది లేని చోట ఉండే ఏర్పాటు నోటీసుకు ముందే చూడాలి.

నేత్రదానం సంగతి. ప్రతిజ్ఞా పత్రం ఇచ్చినా మరణం తర్వాత కుటుంబం ఒప్పుకోవాలి. ఆరు గంటలలోపు కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) తీయాలి. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచండి. కళ్లజోడు, కంటిశుక్లం ఆపరేషన్, మధుమేహం అడ్డు కావు. రేబిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉంటే తీసుకోరు. దేహదానానికైతే పోస్టుమార్టం జరిగిన శరీరాన్ని వైద్య కళాశాలలు సాధారణంగా ఒప్పుకోవు, నేత్రాలు ఇచ్చిన శరీరాన్ని ఒప్పుకుంటాయి.

చాలా పత్రాలు బీరువాలోనే ఉండిపోతున్నాయి, పిల్లలకు తెలియదు. కొత్త ఏడాది నుంచి పత్రంతో పాటు ఇంట్లో ఇద్దరి సంతకాలు కూడా తీసుకుంటాం. పాత పత్రాలున్నవాళ్లు సంతకాలు పెట్టించి కార్యదర్శికి అందజేయగలరు.