తీసిన గర్భసంచిని ముక్క పరీక్షకు పంపండి

సంపాదకులు గారికి నమస్కారం.

గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ పాకకుండా ఫలానా ప్రొటీన్ అడ్డుకుంటుందని అప్పుడప్పుడు పేపర్లలో వార్తలు వస్తుంటాయి. అవి చదివినవాళ్లు ఆ ప్రొటీన్ మందుగా దొరుకుతుందా అని మమ్మల్ని అడుగుతారు. నేను నెల్లూరు పొగతోటలో ఒక బయాప్సీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అలాంటి ప్రొటీన్లు బయటి నుంచి కొనుక్కునేవి కావు, మన కణాల్లోనే ఉంటాయి. క్యాన్సర్‌లో అవి పాడవుతాయి, లేదా మాయమవుతాయి.

1997లో కనిపెట్టిన పీటెన్ అలాంటిదే. 'పెరుగు, రెండుగా చీలు' అనే సంకేతాన్ని మోసే కొవ్వు అణువు ఒకటి కణం పొరలో తయారవుతుంది. పీటెన్ దాని నుంచి ఒక ఫాస్ఫేట్‌ను ఊడదీసి ఆ సంకేతాన్ని ఆపేస్తుంది. కాలువ తూముకు తలుపు ఎలాంటిదో కణానికి ఇది అలాంటిది. గర్భసంచి లోపొర క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకంలో సగానికి పైగా కేసుల్లో ఈ పీటెన్ జన్యువే చెడిపోయి ఉంటుంది. పీ53 అని ఇంకొకటుంది. అది చెడిన గడ్డలు త్వరగా పాకుతాయి, మళ్లీ వచ్చే ప్రమాదమూ ఎక్కువే.

వీటిని చూడటానికి పెద్ద పరిశోధనశాల ఏమీ అక్కర్లేదు. మైనపు బ్లాకులో బిగించిన ముక్క నుంచి మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర కోసి, స్లైడు మీద పరిచి, రంగు పట్టిస్తాం. పీ53 చెడితే చాలాసార్లు క్యాన్సర్ కణాలన్నీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. కొన్నిసార్లు అసలు రంగే పట్టదు. రెండూ చెడ్డ గుర్తులే. డీఎన్ఏ తప్పులు దిద్దే నాలుగు ప్రొటీన్లనూ ఇలాగే చూస్తారు. అవి లేకపోతే ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే చికిత్స, పనిచేసే అవకాశం పెరుగుతుంది. ఒక్కోసారి ఆ లోపం వంశపారంపర్యం కావచ్చు, అప్పుడు ఆమె పిల్లలు, తోబుట్టువులు కూడా పేగు క్యాన్సర్ పరీక్షలు చేయించుకోవాలి. ఒక్క ముక్క ఇంత చెబుతుంది. ఆ ముక్క మాదాకా రావాలి, అంతే.

నా బాధంతా అక్కడే. గర్భసంచి ఆపరేషన్లలో మన రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉంది. తీసిన గర్భసంచిని ట్రేలో పెట్టి బంధువులకు చూపించి, తర్వాత పారేసే చోట్లు ఇంకా ఉన్నాయి. బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి ఒకామెకు ముట్లు ఆగిన చాలా ఏళ్లకు మళ్లీ బ్లీడింగ్ అయితే ఒక చిన్న ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. పరీక్షకు పంపలేదు. తర్వాత పొత్తికడుపులో గడ్డ కనిపించింది. క్యాన్సర్ డాక్టర్ పాత బ్లాకులు తెమ్మంటే కొడుకు మా దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఆ గర్భసంచి ఇప్పుడెక్కడైనా దొరకదా?" అని అడిగాడు. ఆ అబ్బాయికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ముట్లు ఆగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా 'వేడి చేసింది' అని ఊరుకోవద్దు. ఈ క్యాన్సర్ ఎక్కువగా బయటపడేది అలాగే. షుగర్, ఒళ్లు ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. ఊళ్లలో చేసే సర్వేలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తారు, లోపలి పొరకు అలాంటి స్క్రీనింగ్ లేదు. ముఖద్వారానికి చేసే పాప్‌స్మియర్ పరీక్ష బాగుందంటే లోపొర క్యాన్సర్ లేదని కాదు. స్కాన్ చేయించాలి, అవసరమైతే ఆపరేషన్‌కు ముందే ముక్క తీయించాలి.

ఆపరేషన్ జరిగితే గర్భసంచిని ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రావణం) వేశారా, ఏ ల్యాబ్‌కు పంపారు అని ఇంటివాళ్లు అడగండి. ఉప్పునీళ్ల సీసాలో తెస్తే దారిలోనే ముక్క పాడవుతుంది. రిపోర్టు మీద ఉండే బ్లాకు నంబరు రాసిపెట్టుకోండి. తీసిన ప్రతి గర్భసంచికీ బయాప్సీ రిపోర్టు ఉందో లేదో జిల్లా వైద్యాధికారులు తనిఖీ చేయాలి. మీ పత్రిక ఈసారి ప్రొటీన్ వార్త వేసినప్పుడు దాని కింద ఈ రెండు మాటలు కూడా వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
పొగతోట, నెల్లూరు