కొండల్లో నడిచేవాళ్లకు శాటిలైట్ మెసెంజర్ అనుమతించాలి

సంపాదకులకు నమస్కారం.

హిమాలయాల్లో ఒంటరిగా ట్రెక్కింగ్‌కి వెళ్లడాన్ని నిషేధించాలని ఈమధ్య ఈ శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆ పని చేసినదాన్ని కాబట్టి నా మాట కూడా వినమని అడుగుతున్నాను.

నాకు 46 ఏళ్లు. హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పోయిన దసరా సెలవుల్లో లద్దాఖ్‌లోని మర్ఖా లోయలో ఐదు రోజులు ఒక్కదాన్నే నడిచాను. గుర్రాలు లేవు, వంటమనిషి లేడు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, ఐదు రోజుల తిండి, అన్నీ నా వీపు మీదే. నీళ్లు కాక మొత్తం బరువు 9 కిలోలు దాటకుండా ఇంట్లోనే త్రాసు పెట్టి తూచుకున్నాను. ఆ ఎత్తులో అరకిలో ఎక్కువైనా ఊపిరికి తెలిసిపోతుంది.

తిండి దగ్గర నా సబ్జెక్టే పనికొచ్చింది. నిమాలింగ్ పచ్చికబయలు దాదాపు 4,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ నీళ్లు 84 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. గ్యాస్ డబ్బాని విమానంలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి లేహ్‌లో కొన్న ఒక్క డబ్బాతోనే ఐదు రోజులూ గడవాలి. అందుకని ఉప్మా రవ్వ వేయించి, పోపు పెట్టి, ఎండబెట్టిన క్యారెట్ తురుము కలిపి పూటకో ప్యాకెట్ కట్టుకున్నాను. మరిగిన నీళ్లు పోసి, గిన్నెకి ఉన్నిటోపీ చుట్టి పది నిమిషాలు ఆగితే ఉప్మా తయారు. నడుస్తూ తినడానికి అమ్మ బతుకమ్మ సత్తు ముందుగానే చేసిచ్చింది, నువ్వులది ఒకటి, పల్లీలది ఒకటి. నీళ్ల ఫిల్టర్‌ని రాత్రిళ్లు స్లీపింగ్ బ్యాగులో పొట్టకి ఆనించుకుని పడుకునేదాన్ని. లోపలి సన్నని గొట్టాల్లో తడి గడ్డకడితే అవి చిట్లుతాయి, చిట్లినట్టు పైకి కనిపించదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఒంటరిగా వెళ్లేవాళ్లందరూ తెగించి బయల్దేరినవాళ్లు కాదు. లేహ్‌లో దిగాక, ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలని మూడు రోజులు కదలకుండా ఉన్నాను. స్క్యూ, మర్ఖా, హంకర్ ఊళ్ల మీదుగా రోజుకింత అని ఎత్తు పెంచుకుంటూ వెళ్లాను. నా దగ్గర లేనిది ఒకటే, ఆపదలో ఎవరికైనా కబురు పెట్టే దారి.

ఐదో రోజు పొద్దున 5,200 మీటర్లు దాటిన ‘కొంగ్మారు లా’ అనే కనుమ ఎక్కి అవతలికి దిగుతున్నాను. అక్కడ దారి ఇరుకు లోయలో వాగుని మాటిమాటికీ దాటుతూ పోతుంది. నీడలో ఉన్న ఒక రాయి మీద అద్దంలా సన్నని మంచు పొర. కాలు జారింది, చీలమండ బెణికింది. బూటు విప్పితే మళ్లీ ఎక్కదని విప్పకుండానే చల్లటి నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చున్నాను. సీజన్ అయిపోవడంతో దారిలో మనిషి లేడు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. రెండు గంటలు గడిచినా ఎవరూ రాలేదు. ఇంటి దగ్గర అమ్మ సాయంత్రం నా ఫోన్ కోసం చూస్తుంటుందన్న టెన్షన్ కాలి నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది. చివరికి చేతికర్ర మీద బరువు వేసి, ఒక్కో అడుగూ చూసుకుంటూ చీకటి పడేవేళకి చోగ్దో అనే ఊరు చేరాను. ఒక పెద్దావిడ ఏమీ అడగకుండానే పొయ్యి పక్కన కూర్చోబెట్టి వెన్న వేసిన ఉప్పు టీ పోసింది, వేయించిన బార్లీ పిండి పెట్టింది. నా నువ్వుల సత్తు ఆమెకి పెడితే రుచి చూసి నవ్వింది. ఆమె పిండీ మా సత్తూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి.

విదేశాల్లో కొండలెక్కేవాళ్లు అరచేతిలో పట్టే శాటిలైట్ మెసెంజర్ వెంట ఉంచుకుంటారు. వంద గ్రాముల పరికరం, ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా మీట నొక్కితే మనం ఉన్న చోటు సహాయక బృందాలకి తెలుస్తుంది. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గరుంటే నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులు విమానాశ్రయాల్లో కేసుల్లో ఇరుక్కున్నారు. 2008 ముంబయి దాడుల్లో ఉగ్రవాదులు శాటిలైట్ ఫోన్లు వాడారు. సరిహద్దు ప్రాంతం విషయంలో ప్రభుత్వానికున్న భయం నాకు అర్థమవుతుంది, కాదనను.

కానీ ప్రమాదం ఒంటరివాళ్లకే రాదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచు తుఫానులో చిక్కుకుని 9 మంది ప్రాణాలు కోల్పోయారు. అది గైడ్లతో వెళ్లిన బృందం. మనుషుల్ని ఆపితే కొండల్లో సిగ్నల్ రాదు కదా.

నేను కోరేది చిన్నదే. లేహ్, మనాలీ, ఉత్తరకాశీ లాంటి చోట్ల ప్రభుత్వమే రిజిస్టర్ చేసిన మెసెంజర్లు ఉంచాలి. ఆధార్, డిపాజిట్ తీసుకుని రోజు అద్దెకి ఇవ్వాలి. అది ఎవరి చేతిలో ఉందో, ఎక్కడుందో అధికారులకి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది, తిరిగొచ్చాక తీసుకోవచ్చు. వచ్చే దసరాకి మళ్లీ వెళ్లాలనుకుంటున్నాను. అద్దె ఎంతైనా కట్టడానికి సిద్ధం.

- ఒక ఫిజికల్ సైన్స్ టీచర్, హనుమకొండ