రేకులు దిగిన తరువాత

చిత్తూరు

ప్రియమైన మునిరత్నానికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. తిరుపతిలోని మీ నాన్నగారి వడ్లమిల్లు పైకప్పు రాతినార (ఆస్బెస్టాస్) సిమెంటు రేకులు దించేశారనీ, వచ్చే సోమవారం జేసీబీ పెట్టి గోడలు పడగొట్టిస్తున్నావనీ రాశావు. ఆ సోమవారాన్ని వాయిదా వేయమని అడగడానికే ఇంత తొందరగా జవాబు రాస్తున్నాను.

రేకులు దిగితే పని అయిపోయిందని నేనూ అనుకున్నవాణ్ణే. నాలుగేళ్ల క్రితం బంగారుపాళ్యం దారిలో ఒక పాత మామిడి గుజ్జు ఫ్యాక్టరీని కూల్చే పని మా చేతికి వచ్చింది. రేకులనూ, బాయిలరు గొట్టాలకు చుట్టిన రాతినార కట్టునూ తీసి పంపేశారు. మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి మేస్త్రి ఇద్దరు ఆడమనుషుల చేత పొరకలతో లోపలంతా చిమ్మిస్తున్నాడు. వాకిట్లోంచి పడుతున్న ఎండలో ఆ దుమ్ము నడుమెత్తు లేచి, కిందికి దిగకుండా అలాగే నిలిచి ఉంది. ముక్కుకు కొంగు కట్టుకుంటే చాలనుకున్నారు పాపం. పని ఆపించి, వాళ్లను బయటికి పిలిచి, ఆ చీరలు ఇంటికి చేరకుండా వేరే బట్టలు తెప్పించి ఇచ్చాను. ఆ అరగంటలో వాళ్లు ఎంత పీల్చారో ఇప్పుడు ఎవరూ కొలిచి చెప్పలేరు. రాతినార దుమ్ము తెచ్చే ఊపిరితిత్తుల జబ్బులు బయటపడటానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది, వాళ్లలో చిన్నామెకు 25 ఏళ్లు కూడా ఉండవు.

కడప జిల్లాలోనే, పులివెందుల దగ్గర ఒకప్పుడు ఈ రాతినారను తవ్వి తీసేవారు. రాతినార పరిశ్రమల్లో పనిచేసే కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించిందంటే, ఈ దుమ్ము ఎంతకాలం మనిషిని వెంటాడుతుందో నువ్వే ఊహించు. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం సిమెంటు ఆ నారను పట్టి ఉంచుతుంది. విరిగినా, రాపిడికి గురైనా అది కంటికి కనపడనంత సన్నగా విడిపోతుంది. వాసన ఉండదు, గొంతులో గరగర కూడా ఉండదు. అలాంటి దుమ్మును వదిలేసి జేసీబీ పెడితే అది కూలిన ఇటుకలన్నిటిలో కలిసిపోతుంది, ఆ ఇటుకలు ఎవరి పునాదిలోకో వెళ్లిపోతాయి.

అందువల్ల ముందు లోపల పొరక పడకుండా చూడు. గాలి పంపుతో ఊదడమూ వద్దు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరూ వద్దు, ఎందుకంటే అది సన్నని నారను వెనక నుంచి మళ్లీ గాలిలోకే వదులుతుంది. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టే హెపా ఫిల్టరు ఉన్న యంత్రాన్ని అద్దెకు తెప్పించు. నీళ్లలో కొంచెం సబ్బు ద్రావణం కలిపి సన్నగా చల్లించు. పైపుతో గట్టిగా కొట్టిస్తే దుమ్ము చెదిరి గోడలకు పడుతుంది. పై నుంచి కిందికి, దూరపు మూల నుంచి వాకిలి వైపుకు తుడుచుకుంటూ రావాలి. తడిగుడ్డను మడిచి ఒక్కో మడతతో ఒక్కసారే తుడిపించి, ఆ గుడ్డను బకెట్లో ముంచి పిండకుండా చెత్తసంచిలో వేయించు. మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు, ముఖానికి బిగుతుగా అతుక్కునే ఫిల్టరు మాస్కు కావాలి. గడ్డం ఉంటే అంచుల నుంచి గాలి దూరుతుంది కాబట్టి పనివాళ్లకు ఆ సంగతి ముందే చెప్పు.

ఫ్యాక్టరీలో మేము మొదట చూడక వదిలేసిన చోట్లు ఇవి: రేకులను పట్టి ఉంచిన జే-హుక్కుల వాషర్ల కింద అతుక్కున్న పెంకులు, పర్లిన్ల (రేకులను మోసే అడ్డ దూలాల) పైముఖం, గోడ తలమీది సందులు. అన్నిటికంటే చూరు కింద నేలను మరిచిపోవద్దు. ఏళ్లతరబడి వానలకు అరిగిన రేకుల బూడిద అక్కడి మట్టిలోనే దిగి ఉంటుంది. అక్కడి పైమట్టిని తడిపి కొంత లోతు గీకి తీయించు. ఆ మట్టి, గుడ్డలు, మాస్కులు అన్నీ రేకుల చెత్తతో సమానమే. మందమైన పాలిథిన్ సంచుల్లో రెండు పొరలుగా కట్టించి, అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి. నీ కాంట్రాక్టరు మామూలు టిప్పరులో తీసుకుపోతానంటే ఒప్పుకోకు. కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకో.

ఇక తనిఖీ మాట. తడి పూర్తిగా ఆరిన తరువాత, చీకటి పడే వేళ, టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వెలుగు వేయి. పై నుంచి చూస్తే అద్దంలా ఉన్న గచ్చు మీద అప్పుడు బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి పొర కనపడుతుంది. మా బాయిలరు గదిలో రెండు సార్లు అలా కనపడింది, రెండు సార్లూ మళ్లీ తుడిపించాను. అది మూసిన గది కాబట్టి గాలి పరీక్ష కూడా చేయించాము. మిల్లీలీటరు గాలిలో 0.01 నార కంటే తక్కువ రావాలన్న బ్రిటన్ ప్రమాణాన్నే మేమూ పెట్టుకున్నాము. మీ మిల్లుకు కప్పు లేదు కాబట్టి గాలి పరీక్ష వల్ల పెద్దగా తెలిసేది ఉండదు, కంటిచూపు తనిఖీయే ముఖ్యం. దానిని పని చేసిన మేస్త్రి చేతికి వదలకు.

గురువారం మధ్యాహ్నం బస్సుకు నేనే వస్తాను. టార్చి, నా మాస్కు, నీకొక మాస్కు తెస్తాను. ఆలోగా ఎవరినీ లోపలికి వెళ్లనివ్వకుండా గేటుకు తాళం వేయించు. జేసీబీ అతనికి ఇచ్చిన బయానా పోతే పోనివ్వు.

నీ
సుబ్రహ్మణ్యం