కంట్లో కండ పెరిగితే పట్టదా?

సంపాదకులకు,

మొన్న ఇక్కడి రైతు బజారులో పసుపు కొమ్ములు అమ్ముతున్న ఓ ఆదివాసీ అమ్మను చూశాను. పాడేరు వైపు నుంచి వచ్చిందట. చిల్లర ఇస్తూ తలెత్తితే, కుడికంట్లో ముక్కు వైపు నుంచి ఎర్రటి కండ మొన తేలి నల్లగుడ్డు మీదికి పాకి ఉంది. ‘ఎన్నాళ్లయిందమ్మా?’ అంటే, ‘శానా ఏళ్లు బాబూ, మంటెడితే ఆకు పసరు ఏసుకుంతన్నాను’ అంది. ఆ పసరు మాటే నన్ను భయపెట్టింది. దానితో నల్లగుడ్డుకు పుండు పడితే ఉన్న చూపూ పోతుంది.

ఈ కండను డాక్టర్లు టెరిజియం అంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, దుమ్ము, గాలి దీనికి కారణాలు. కొండ ఎక్కేకొద్దీ, ప్రతి 1000 మీటర్లకు ఆ కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చల్లగా ఉంది కదా అని ఎండను మనం లెక్కచేయం! ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల ఆదివాసుల్లోనూ ఎండ వల్ల వచ్చే కంటి జబ్బులను వైద్యులు ఏనాడో గుర్తించారు. మన జాలరిపేట వాళ్లకైతే నీటి మీంచి తిరిగి కొట్టే వెలుగు అదనం.

నేను చూసిన కంటి శిబిరాల్లో శుక్లాలు, కళ్లజోళ్లతోనే సరిపెడుతున్నారు. టార్చి వేసి చూస్తే కనిపించే ఈ కండనూ నమోదు చేయాలి. కండ నల్లగుడ్డు మధ్యకు చేరకముందే ఆపరేషన్‌కు పంపాలి. పొలానికి, చేపల వేటకు వెళ్లేవాళ్లకు వెడల్పు అంచు టోపీలు, ఎండ కళ్లద్దాలు ఇస్తే ఖర్చెంత?

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం