నా దస్తూరీ దొరికింది

హైదరాబాద్,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ వెర్నియర్,

నీ ఉత్తరం అందిన రెండు నెలలకు జవాబు రాస్తున్నాను. తిట్టుకో, తిట్టడం అయ్యాక చదువు. అమ్మ మోకాళ్లు పరవాలేదు, చిన్నది మూడో తరగతికి వచ్చింది, ఇల్లు ఇంకా మారలేదు. ఇంతే కబుర్లు. అసలు సంగతి వేరే ఉంది. చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, ఇక్కడ చెబితే పరువు పోతుంది.

మా కొత్త వాల్వు గురించి కిందటిసారి గొప్పలు పోయాను కదా! దాని బాడీ పోతలు జీడిమెట్లలో లోహం కరిగించి పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీ నుంచి వస్తాయి. పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీళ్ల ఒత్తిడి పెట్టి పరీక్షిస్తాం. మొదటి యాభైలో పదకొండు చెమర్చాయి. ధారగా కారినా బాగుండేది. మెడ దగ్గర ఒక్క బొట్టు పుట్టి, తీరిగ్గా ఉబ్బి, జారేది. (మన ల్యాబ్ బకెట్ ఊసెత్తావో, చంపేస్తాను.) పాడైన పోతల డబ్బు మీ బిల్లులో కోసేస్తామని ఫౌండ్రీకి డెబిట్ నోటు పంపాం. ఇంకో లాటు వచ్చింది, ఇంకో డెబిట్ నోటు వెళ్లింది. కొనుగోలు విభాగానికి తెలిసిన వైద్యం అదొక్కటే.

చివరికి నేనే వెళ్లాను. యజమాని టీ ఇప్పించి మౌనంగా కూర్చున్నాడు. అచ్చులు కట్టే ముసలి మౌల్డర్ ఒకాయన మేము తిప్పి పంపిన పోతను అడ్డంగా కోయించి నా చేతిలో పెట్టాడు. మెడ మందం, గోడ పల్చన. రెండూ కలిసే చోట లోపల చీమలపుట్టలా గుల్ల! “పల్చటి గోడ ముందే గడ్డకడుతుంది సార్. మందంగా ఉన్నచోట లోహం ఇంకా కరిగే ఉంటుంది. అది ముడుచుకునేటప్పుడు పైనుంచి లోహం అందే దారి మూసుకుపోతుంది. ఆ మూల గుండ్రం చేసి, గోడ మందం మెల్లగా పెంచుకుంటూ పోవాలి” అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదన్నాను. అప్పుడు యజమాని నోరు విప్పాడు. “డ్రాయింగు మీది. తప్పుందంటే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. పైగా మా పాత బిల్లులు మీ దగ్గరే ఉన్నాయి.” చిన్న పరిశ్రమలకు చెల్లింపు 45 రోజులు దాటకూడదని 2006 నాటి చట్టం. మేమిచ్చేది నాలుగో నెలలో. ఆ టీ గొంతు దిగలేదురా.

నిరుడు శిక్షణలో విన్న టయోటా కథ అక్కడే గుర్తొచ్చింది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో, టయోటాకు విడిభాగాలిచ్చే ఐసిన్ కంపెనీ కర్మాగారం తగలబడింది. టయోటా బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వు దాదాపుగా అక్కడే తయారయ్యేది. కార్ల ఉత్పత్తి ఆగిపోయింది. సరఫరాదారులంతా, కుట్టుమిషన్ల బ్రదర్ కంపెనీతో సహా, ఎవరి షెడ్డులో వాళ్లు ఆ వాల్వులు చేసిచ్చి కొద్ది రోజుల్లోనే లైన్లు నడిపించారు. మా షెడ్డు తగలబడితే ఎవరొస్తారు? తమ బిల్లులు కాలిపోయాయేమోనని చూసుకోవడానికి వస్తారు.

ఆగు, అసలుది ఇంకా రాలేదు. డ్రాయింగు మార్చాలంటే పాత కాగితాలు చూడమన్నారు. ప్రతి ప్రాజెక్టు ముగిశాక “నేర్చుకున్న విషయాలు” అని ఒక ఫైలు కడతాం. ఆడిటర్ టిక్కు పెడతాడు, బీరువాకు తాళం పడుతుంది. 2018 ఫైలు తీశాను. అంచులు ఎలుక కొరికింది, అదొక్కటే చదివినట్టుంది. నాలుగో అంశం: “మెడ, గోడ కలిసే మూల గుండ్రంగా ఉండాలి. లేకుంటే నీళ్లు చెమరుస్తాయి. డ్రాయింగు ఖరారు చేయకముందే ఫౌండ్రీ వాళ్లను పిలవాలి.”

దస్తూరీ చూస్తే, నువ్వు జిలేబీ అని ఏడిపించే ‘ళ’. నాదేరా! రాసినవాణ్ణీ నేనే, మరిచిపోయి ఆ డెబిట్ నోట్ల మీద సంతకం పెట్టిందీ నేనే.

సోమవారం డిజైన్ సమావేశానికి ఆ మౌల్డర్‌ను పిలుద్దామన్నాను. “ఆయనకు డ్రాయింగు చదవడం వచ్చా?” అన్నారు మా పెద్దాయన. మనకు వచ్చుగా, ఏం చదివాం అందామనుకుని... సరే, అనలేదు. ఆ నోట్లు రద్దు చేయించాలంటే ఈ కాగితం బయటపెట్టాలి. పెడితే నేను... నువ్వైతే ఏం చేసేవాడివి? బకెట్ విషయంలో చేసినట్టు మాత్రం చేయమనకు.

నాలుగున్నరకు పోస్టు డబ్బా తీస్తారు, చిన్నది చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. మిగతాది

నీ
జిలేబీ