చెంబుగాడికి, తిరువాన్మియూర్ నుంచి

చెన్నై, శనివారం
సాయంత్రం నాలుగు గంటలు

ఒరేయ్ చెంబూ,

ముందు నాలుగు తిట్టు, తర్వాత చదువు. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరం ఇంకా నా బీరువాలో చొక్కాల కిందే ఉంది. రోజూ కనిపిస్తుంది, రోజూ ఈ ఆదివారం రాసేద్దాం అనుకుంటాను. ఫోన్ చేయొచ్చు కదరా అంటావు. చేయొచ్చు, కానీ ఇది ఫోన్‌లో చెప్పేది కాదు. నువ్వు మధ్యలో "ఆ... ఆ..." అంటుంటావు, వెనక పాప ఏడుస్తుంది, నేను అసలు సంగతికి రాకుండానే ఫోన్ పెట్టేస్తాం. అందుకే కాగితం తీశాను. ఆరింటికల్లా బెసంట్ నగర్ బీచ్‌లో ఉండాలి, ఈలోపు మొత్తం చెప్పేయాలి.

ఇంటి కబుర్లు గబగబా కానిచ్చేస్తాను. అమ్మ మోకాలికి ఆపరేషన్ వద్దన్నారు, మందులతో తిరుగుతోంది. ఆఫీసులో ప్రాజెక్టు మారింది. అద్దె పెంచారు, అయినా ఈ ఇల్లు వదలను, రాత్రి ఫ్యాన్ ఆపితే సముద్రం వినిపిస్తుంది. సుజాత నిన్ను అడిగానని చెప్పమంది, మాగాయ జాడీ నీ దగ్గరే ఉండిపోయిందని కూడా చెప్పమంది. అంతే.

ఆ ఉక్కలో ఆదివారాలు ఎట్టా గడుపుతావురా అని అడిగావు కదా. తిరుగుతున్నాను. ఈ ఊరు మాల్స్, టీనగర్ బట్టల కొట్లు అనుకున్నాను ఇన్నాళ్ళూ. గిండీలో ఊరి నడిబొడ్డున నేషనల్ పార్క్ ఉందిరా! 1978లోనే ప్రకటించారట. మొత్తం కలిపినా మూడు చదరపు కిలోమీటర్లు ఉండదు, చుట్టూ బస్సుల మోత, లోపల కృష్ణజింకలు. పళ్ళికరణై అని ఇంకోటి, చిత్తడి నేల. ఒక పక్క సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఇంకో పక్క ఊరి చెత్తంతా పోసే డంపింగ్ యార్డు, మధ్యలో ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి. 2022లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. అక్కడ నిలబడితే సంతోషం, కోపం రెండూ కలిసి వస్తాయి. వేడంతాంగల్ పక్షుల చెరువుకి కూడా వెళ్ళాం. ఆ ఊళ్ళో పక్షులు బెదురుతాయని దీపావళికి టపాకాయలు కాల్చరట! పులికాట్ సంగతి నీకు నేను చెప్పేదేముంది, సూళ్ళూరుపేట బస్సులో కిటికీ సీటు కోసం మనం కొట్టుకున్నది గుర్తుంటే చాలు. నేలపట్టు గూడబాతులను అడిగానని చెప్పు.

సరే. అసలు సంగతి.

మైపాడు గుర్తుందా? ఏడో క్లాసు, మాఘ పౌర్ణమి, మీ నాయనమ్మ మనిద్దరినీ సముద్ర స్నానానికి తీసుకెళ్ళింది. ఒడ్డున పెద్ద తాబేలు. మనం నిద్రపోతోంది అనుకున్నాం. మీ నాయనమ్మ "కూర్మావతారం రా, కాలు తగలనీయబాకండి" అంది. నువ్వేమో ఆమె పూజకు తెచ్చుకున్న రాగి చెంబు లాక్కుని సముద్రానికీ దానికీ మధ్య పరుగులు పెట్టావు. ఎన్ని చెంబులు పోశావో! నీళ్ళు పడితే లేస్తుందని. ఇరవై, ముప్ఫై పోసుంటావు. లేవలేదు. బస్సులో నెల్లూరు దాకా ఒకటే మాట అడిగావు నన్ను, "నీళ్ళలో ఉండేది నీళ్ళలో ఎట్టా చచ్చిపోయిందిరా?" నాకు తెలియదన్నాను. ఆ మర్నాటి నుంచి క్లాసంతా నిన్ను చెంబు అనడం మొదలుపెట్టింది, మొదలుపెట్టింది నేనే, దానికి ఇప్పటికీ సారీ.

ఇప్పుడు జవాబు దొరికిందిరా. ఇరవై ఆరేళ్ళకి.

ఇక్కడ స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ అని ఉంది. 1988 నుంచి కాలేజీ పిల్లలు నడుపుతున్నారు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో రాత్రంతా ఒడ్డు వెంట నడిచి, గుడ్లు ఎక్కడున్నాయో వెతికి, కుక్కలు, మనుషులు తవ్వకముందే తీసి బీచ్‌లోనే కంచె వేసిన హ్యాచరీలో పాతిపెడతారు. శని రాత్రుళ్ళు మనలాంటివాళ్ళనీ రానిస్తారు. ఫిబ్రవరి రెండో శనివారం నేనూ వెళ్ళాను. సుజాత రానంది, ఇప్పుడు బాధపడుతోంది.

నీలాంకరైలో మొదలు, ఏడు కిలోమీటర్లు, బెసంట్ నగర్‌లో ఆఖరు. టార్చి వేయకూడదు, ఫోన్ తీయకూడదు. అమావాస్య దగ్గర్లో ఉంది, చీకటంటే అట్టాంటి చీకటి. అయినా ఊరి వెలుగు మేఘాలకి తగిలి ఇసుక కొంచెం కనపడేది. చెప్పులు తీసేసి చేత్తో పట్టుకుని నడిచాను.

పాలవాక్కం దగ్గర ఒకటి కనపడింది. చనిపోయి ఉంది. కళ్ళు ఉబ్బి, మెడ వాచి, అచ్చం మైపాడులోదే. నేను అక్కడే కూర్చుండిపోయాను. మమ్మల్ని నడిపిస్తున్న అమ్మాయి, మహా అయితే ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంది. అడిగాను, ఎట్టా చచ్చిపోయింది అని. నీ మాటే, నీ గొంతుతోనే అడిగినట్టు అనిపించింది నాకు. "దానికి మనలాగే ఊపిరితిత్తులు అన్నా, మొప్పలు ఉండవు" అంది. గాలి కోసం పైకి రావాలి. ట్రాలర్ అంటే చేపలు పట్టే పెద్ద మరపడవ, అది వలని గంటల తరబడి లాగుతుంటే అందులో చిక్కుకున్నది పైకి రాలేదు. నీళ్ళలోనే ఊపిరాడక పోతుంది. వలలో నుంచి తాబేలు బయటపడేట్టు బిగించే చట్రం ఒకటి ఉంది, టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్ అంటారు, అది అన్ని పడవలూ పెట్టుకుంటే ఇన్ని పోవు. 2025 జనవరిలో ఈ ఒడ్డుకి వందలకొద్దీ కొట్టుకొచ్చాయిరా. వందలు.

అంటే ఆ రోజు దానికి కావలసింది నీళ్ళు కాదు, గాలి. నువ్వు పోసినవన్నీ... ఏమోలే. నీకు చెప్పాలా వద్దా అని కూడా ఆలోచించాను. చెప్పకుండా ఉండలేకపోయాను. నువ్వు అప్పుడు చేసింది తప్పు కాదు చెంబూ. ఆ ఒడ్డున ఉన్న అంతమందిలో ఏదో ఒకటి చేసింది నువ్వొక్కడివే.

తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. కొట్టివాక్కం దాటాం, తిరువాన్మియూర్ వచ్చింది, మా ఇంటి సందు కూడా కనపడింది, ఇంటికి పోదామా అనిపించింది ఒక్క క్షణం. కాళ్ళు లాగుతున్నాయి, టైము రెండున్నర. అప్పుడు ముందు నడిచే కుర్రాడు చెయ్యెత్తి ఆగిపోయాడు.

ఇసుకలో జాడ. ట్రాక్టర్ టైరు పోయినట్టు, సముద్రంలోంచి పైకి. ఆ అమ్మాయి వంగి చూసి మెల్లగా అంది, "ఒక్క జాడే ఉంది." నాకు అర్థం కాలేదు. పైకి వెళ్ళిన జాడ ఉంది, తిరిగి దిగిన జాడ లేదు! ఇంకా పైనే ఉంది!

"ఉక్కారుంగ, ఉక్కారుంగ" అన్నారు, అందరం ఎక్కడివాళ్ళం అక్కడ చతికిలబడ్డాం. ఏళ్ళ తరబడి నడిచేవాళ్ళకి కూడా తల్లి కనపడటం అరుదట, ఎక్కువసార్లు జాడ, గుడ్లు మాత్రమే దొరుకుతాయట. అది గుంట తవ్వుతోంది. వెనక కాళ్ళతో రా! ఒక కాలితో ఇసుక దోసిలిలా తీసి పక్కన పోస్తుంది, తర్వాత ఇంకో కాలు, మళ్ళీ మొదటిది. చూడకుండానే తవ్వుతుంది, తల సముద్రం వైపు లేదు, మా వైపూ లేదు. మూరెడు లోతు, పైన మూతి సన్నం, కింద బొజ్జ, అచ్చం మన కుండ లాగా. గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక ఇంక ఏదీ పట్టించుకోదని చెప్పి మమ్మల్ని వెనక నుంచి దగ్గరికి రానిచ్చారు, ఒక ఎర్ర లైటు, అదీ వెనకవైపే. రెండు, మూడు, ఒకటి, మళ్ళీ రెండు. తెల్లగా, తడిగా, పింగ్‌పాంగ్ బంతుల్లా. కంట్లోంచి ధారగా కారుతోంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అట్టా బయటికి పోతుందట, అది ఏడుపు కాదని చెప్పారు. తెలిసినా సరే నా కళ్ళు ఆగలేదు.

ఎంతసేపు ఉన్నామో తెలియదు. నా ఒంటి మీద దోమలు ఉన్నాయని కూడా తర్వాతే తెలిసింది. దాని ఊపిరి వినపడిందిరా! అప్పుడప్పుడూ తల ఎత్తి పెద్దగా వదిలేది, మీ నాయనమ్మ మెట్లెక్కి వచ్చి కూర్చున్నప్పుడు వదిలేదే, ఆ శబ్దం. నాకు నువ్వు పక్కన లేవే అనిపించింది, ఇంకేమీ అనిపించలేదు.

అయిపోయాక గుంట పూడ్చింది. ఊరికే పూడ్చలేదు, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకని దిమ్మిస కొట్టినట్టు కొట్టింది, దబ్ దబ్ మని, కింద నేల అదిరింది. తర్వాత గుర్తు తెలియకుండా చుట్టూ ఇసుక విసిరింది, నా మొహం మీద కూడా పడింది. వెనక్కి తిరిగి దిగింది. రెండు అడుగులు, ఆగడం, ఊపిరి. అల వచ్చి తగలగానే ఒక్కసారి బరువంతా పోయినట్టయింది. ఇంకో అల, అంతే, లేదు.

ఎవరో ముసలాయన, చేపల వేటకి పడవ తోసుకుంటున్న ఆయన, అటు చూసి దణ్ణం పెట్టుకున్నాడు.

తర్వాత గుడ్లు తీశారు, చేత్తోనే, ఒక్కొక్కటి. 118. తల్లి పెట్టిన కొద్ది గంటల్లోనే తీసి పాతేయాలి, కుదుపులు తగలకూడదు, ఆలస్యమైతే లోపల బిడ్డ అతుక్కుంటుంది, తిరగేస్తే చచ్చిపోతుంది. గుడ్డ సంచిలో పెట్టి ఎవరు మోస్తారు అన్నారు. నేను అన్నాను. మూడు నాలుగు కేజీలు ఉంటుందంతే, కానీ తిరువాన్మియూర్ నుంచి బెసంట్ నగర్ దాకా మీ పాపని మొదటిసారి నా చేతుల్లో పెట్టినప్పుడు నడిచినట్టే నడిచాను. హ్యాచరీలో అదే లోతుకి, అదే కుండ ఆకారంలో గుంట తవ్వి, వాటి గూటి ఇసుకతోనే కప్పారు, తేదీ, 118 అని రాసిన చీటీ గుచ్చారు. తెల్లారింది. ఇంటికొచ్చి ఇసుక కాళ్ళతోనే పడుకున్నాను, సుజాత ఏమీ అనలేదు.

ఇవాళ్టికి 48వ రోజు. 45 నుంచి 55 రోజుల్లో వస్తాయి. పొద్దున వెళ్ళి చూశాను, మన గూడు మీద ఇసుక కొంచెం దిగబడింది, అంటే లోపల పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని కదులుతున్నాయన్నమాట. పక్క గూడు నిన్న రాత్రి వచ్చేసింది. ఇసుక చల్లబడ్డాక, చీకట్లో, అన్నీ కలిసి పైకి వస్తాయి. వెలుగు ఎటుంటే అటు పాకుతాయి, సముద్రం మీద ఆకాశం తెల్లగా ఉంటుంది కాబట్టి పాతకాలంలో తప్పేవి కావు, ఇప్పుడు వీధి లైట్లు చూసి రోడ్డు మీదికి పోతాయి. అందుకే బుట్టలో పెట్టి అలల దగ్గర వదిలి, కొంత దూరం వాటినే పాకనిస్తారు. ఇంకో సంగతి, ఇసుక వేడిగా ఉంటే ఆడవి పుడతాయట. ఈ ఏడు ఎండలు చూస్తే అన్నీ ఆడపిల్లలేనేమో! బతికి పెద్దవైతే గుడ్లు పెట్టడానికి పుట్టిన ఒడ్డుకే వస్తాయి. వెయ్యికి ఒకటి బతుకుతుందంటారు. మనవి 118 కదా, అంటే... లెక్క వేయబుద్ధి కావడం లేదు.

నువ్వు రావాలిరా. ఈ నెలాఖరు దాకా గూళ్ళు వస్తూనే ఉంటాయి, నెల్లూరు నుంచి మూడు గంటలు, పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడ అన్నం. పాపని కూడా తీసుకురా, భుజాన వేసుకో, నేను అడిగాను, పిల్లల్ని రానిస్తారట. మీ నాయనమ్మ చెంబు ఇంకా ఉంటే అది కూడా

ఐదూ నలభై అయింది. సుజాత గుమ్మంలో నిలబడింది, ఆటో వచ్చేసింది. మిగతాది రేపు రాస్తాను, రాయకపోతే మళ్ళీ తిట్టు. జాడీ మర్చిపోకు.

నీ
రాజు