సముద్ర ప్రవాహాల లెక్క పడవ దాకా రావాలి: సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ డైరెక్టర్‌కు బహిరంగ లేఖ

డైరెక్టర్ గారికి నమస్కారం.

మచిలీపట్నం, యానాంలలో నెలకొల్పిన, ఒడ్డు నుంచే రేడియో తరంగాలతో సముద్ర ప్రవాహాన్ని కొలిచే హెచ్‌ఎఫ్ రాడార్ల జంట గురించి ఈ లేఖ. ఒక్క రాడార్, నీరు తనవైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదే చెప్పగలదు. రెండూ ఒకే చోటును చూస్తేనే ప్రవాహం అసలు దిశ, వేగం తేలతాయి. అందుకే ఏ ఒక్కటీ ఆగకూడదు. నిరంతర విద్యుత్తు, తుపాను వెలిసిన వెంటనే మరమ్మతు ఉండేలా చూడండి.

రాడార్‌కు అందేది పైపై నీరే. మన తీరం వెంట ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగే ప్రవాహం లోతుల్లో ఎలా ఉందో తెలియాలంటే లంగరు వేసి నీటిలో నిలిపిన ఏడీసీపీ అనే పరికరాలు కావాలి. అవి పంపే ధ్వని నీటిలోని రేణువులను తాకి తిరిగొస్తుంది, పొరపొరకూ వేగం చెబుతుంది. వాటి తాళ్లకు వల చిక్కుకుంటే నష్టం మీకూ, మత్స్యకారులకూ. ఎక్కడ దించుతున్నారో రేవుల్లో ముందే చెప్పండి, మత్స్యకారులే కాపాడతారు.

చేపల జాడ సూచనలు తెలుగులో ఇస్తున్నారు, ఎంతో మేలు. ప్రవాహం దిశ, వేగం కూడా వాటితోపాటే పంపండి. ఇంజన్ ఆగిన పడవ ఎటు కొట్టుకుపోయిందో వెతికేవాళ్లకు గాలి లెక్కతో పాటు ఈ అంకెలూ చేతిలో ఉండాలి.

ఇట్లు,
కృష్ణా జిల్లా తీరవాసి